వణికే పెట్టె

ఈమధ్య నా చెవులు మొరాయిస్తున్నాయి. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో మాటలు జారిపోతున్నాయి. జారిపోయిన చోట నాకు తోచింది పూరించుకుని జవాబులు చెప్పేస్తున్నాను. "నేనడిగేది ఒకటి, నువ్వు చెప్పేది ఒకటి" అని నా కూతురు సాధించి సాధించి చివరికి చెవుల పరీక్షకు లాక్కుపోయింది. అక్కడ పరీక్ష చేసే అమ్మాయి నన్ను ఒక గాజు గదిలో కూర్చోబెట్టి, కాగితం మీద వంకర గీతలేవో గీసుకుని, "మీ ఇంట్ల ఇంతకుముందు ఎవరికన్నా ఇట్ల ఉండెనా ఆంటీ?" అని అడిగింది. మా బాపుకు, అంటే మా నాన్నకు, ఉండేదని చెప్పాను. "మరి ఆయన ఏ మిషన్ పెట్టుకునేటోళ్లు?" అంది. "నేను చేసిచ్చిన స్టీరియో" అన్నాను. ముసలివాళ్లు ఏదో అంటే నవ్వే నవ్వు ఒకటి ఉంటుంది చూడండి, అది నవ్వి ఊరుకుంది. నాకు ఒళ్లు మండింది. కానీ ఆమెను అని ఏం లాభం, నా కూతురికే ఆ సంగతి సగమే తెలుసు. మిగతా సగం ఇంటికొచ్చాక చెప్పాను. చెబుతుంటే ఆపబుద్ధి కాలేదు, అందుకే రాస్తున్నాను కూడా.

మా ఇల్లు ఉప్పుగూడలో, రైలు పట్టాలకు ఇవతల. రెండు గదులు, ముందు అరుగు, అరుగును ఆనుకుని బర్రెల కొట్టం. ఇల్లు మాదా బర్రెలదా అంటే చెప్పడం కష్టం. కొట్టం ఇంటికంటే పెద్దది, గాలి కూడా దానికే ఎక్కువ వచ్చేది. తెల్లారకముందే బాపు లేచి కొట్టం ఊడ్చేవాడు. అమ్మ తవుడూ పత్తి చెక్కా గుప్పెడు ఉప్పూ వేసి దాణా కలిపేది. నానిన చెక్క వాసన, పేడ వాసన, అప్పుడే పిండిన పాల నురగ వాసన, వీటన్నిటి మధ్య కూర్చుని నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుకున్నాను. నా పుస్తకం ఏది దులిపినా తవుడు రాలేది. "నీ పక్కన కూసుంటే ఆకలైతది సుజాతా" అని కాలేజీలో పిల్లలు ఏడిపించేవాళ్లు. నేనూ ఊరుకునేదాన్ని కాదనుకోండి, నెల మొదట్లో నెయ్యి కావాలని వచ్చేది వాళ్లే కదా.

బాపు పాలు పిండుతుంటే చూడాలి. చిన్న పీట మీద కూర్చుని, బకెట్‌ను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, నుదురు బర్రె డొక్కకు ఆనించి కళ్లు మూసుకునేవాడు. అట్లా ఆనిస్తే బర్రె కాలు ఎత్తబోయే ముందే తెలిసిపోతుంది, పాలు చేపిందో లేదో కూడా తెలుస్తుంది. పాలవాళ్లందరూ చేసేదే. కానీ బాపు పిండటం అయిపోయాక కూడా కాసేపు అట్లాగే ఉండిపోయేవాడు. "పండుకున్నవా ఏంది?" అని అమ్మ అరిస్తే గానీ లేచేవాడు కాదు.

అవును, అరిస్తే గానీ. బాపుకు చెవులు ఫలానప్పుడు పోయాయని ఎవరం చెప్పలేం. నేను గౌన్లు తొడుక్కునే వయసులో నా మాటలు విని పడీపడీ నవ్వడం గుర్తుంది. ఓణీ వేసుకునేసరికి నా పెదవుల వంక చూడటం మొదలుపెట్టాడు. ఎవరికీ చూపించలేదని కాదు. ఒకరు చుక్కల మందు రాసిచ్చారు, ఒకరు వేడి నూనె పోయమన్నారు, ఒకరు తాయెత్తు కట్టారు. ఏదీ పని చేయలేదు. బాపు చెవిటితనంలో రెండు వింతలుండేవి. చెవిటివాళ్లు గట్టిగా మాట్లాడతారంటారు, బాపు మాత్రం గుసగుసలాడినట్టు మాట్లాడేవాడు. ఇక మురుకులంటే ఆమడ దూరం. "నములుతుంటే తలకాయల లారీ పోయినట్టుంటది" అనేవాడు. అది విని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం గానీ, మాటే వినపడని మనిషికి మురుకుల చప్పుడు ఎట్లా వినపడుతోందని ఒక్కరమూ ఆలోచించలేదు.

చెవులు వినపడని మనిషి ఉన్న ఇల్లు అరుపుల ఇల్లు. "బాపూ, తిన్నవా?" అని ప్రేమగా అడిగినా వీధిలోవాళ్లకు కొట్లాటలాగే వినపడేది. అరవాల్సి వచ్చేసరికి అవసరమైన మాటలే మిగిలాయి. దాణా వచ్చిందా, క్యాన్లు కడిగినమా, జ్వరం తగ్గిందా. పక్కింటి ముచ్చట్లు, కాలేజీలో తమాషాలు, అమ్మ ఎత్తిపొడుపులు, ఇవి అరిచి చెప్పే మాటలు కావు కదా. మేమంతా దేనికో నవ్వుతుంటే బాపు మా మొహాలు చూసి తానూ నవ్వేవాడు, కాస్త వెనకబడి. ఆ రోజుల్లో నాకున్న కోరిక ఒక్కటే. ఎందుకూ పనికిరాని మాట ఒకటి బాపుకు చెప్పాలి, ఆయన దాన్ని వినాలి.

స్టీరియో అందుకే మొదలుపెట్టాను. సౌండు పెద్దదైతే వినపడి తీరుతుందని నా లెక్క. సగం చదువు అట్లాగే ఉంటుంది, ధైర్యం ఎక్కువ. యాకుత్‌పురాలో ఖాజా భాయ్ రేడియో రిపేరు దుకాణం ఉండేది. వాళ్లింటికి పాలు మావే. సంగతి చెబితే ఆయన చాయ్ పక్కన పెట్టి, "బాపు కోసమా బేటీ? అయితే ఆజా, కూర్చో" అని తన బల్ల మీద సగం చోటు ఖాళీ చేసిచ్చాడు. ఆ చోటు ఆయన మళ్లీ వెనక్కి తీసుకోలేదు. ఆడపిల్ల దుకాణంలో కూర్చుని టంకం పెడుతోందని ఎవరైనా తొంగిచూస్తే, "క్యా దేఖ్‌రే? బేటీ కామ్ కర్‌రీ, పని చేస్కోనియ్యి" అని పంపించేసేవాడు. పాడైన సెట్లలోంచి ఆంప్లిఫయర్ బోర్డుకు కావలసిన సరుకు వెతికిచ్చాడు. క్యాసెట్ డెక్కు జుమ్మేరాత్ బజార్ పాత సామాన్లలో దొరికింది. స్పీకర్లు రెండూ రెండు రకాలు, ఒకటి పొట్టి, ఒకటి ఇంకాస్త పొట్టి.

రేడియో, డెక్కు, ఆంప్లిఫయర్, స్పీకర్లు అన్నీ ఒకే పెట్టెలో పట్టాలని నా పట్టుదల. షోకు కాదు, మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ప్లగ్గు. పైగా అరుగు మీదికి మోసుకుపోయేట్టు ఉండాలి, బాపు కూర్చునేది అక్కడే కాబట్టి. దుకాణం పక్కన ఇరానీ హోటల్‌వాళ్లు పారేసే చాయ్‌పత్తి పెట్టె ఒకటి అడిగి తెచ్చుకున్నాను. పలచటి ప్లైవుడ్డు, రంపం పెడితే వెన్నలా తెగింది. అన్నీ బిగించి మీట నొక్కితే పాటకు బదులు గుయ్యిమని తేనెటీగల చప్పుడు. ఖాజా భాయ్ లోపలికి చూసి తల కొట్టుకున్నాడు. "ట్రాన్స్‌ఫార్మర్ పక్కకే డెక్కు వెట్టినవ్ గదా. పడనోళ్లిద్దర్ని ఒక్క మంచం మీద పండవెట్టినట్టున్నది. దూర్ రఖ్ దోనోంకు." ఆ చిన్న పెట్టెలో వాటిని దూరం చేయడానికి నా ప్రాణం లేచిపోయింది. చివరికి ట్రాన్స్‌ఫార్మర్‌ను ఒక మూలకు తోసి అడ్డంగా తిప్పితే గుయ్యిమనడం ఆగింది.

"చెవిటోని ఇంట్ల స్టీరియోనా" అని వాడకట్టులో నవ్వినవాళ్లంతా, పెట్టె ఇంటికి తెచ్చిన రోజు మా అరుగు ముందు చేరారు. బాపుకు ఇష్టమని ఒగ్గు కథ క్యాసెట్ పెట్టి సౌండు మొత్తం తిప్పాను. డోలు దెబ్బ పడితే పెట్టె ఎగిరింది. గూట్లో గ్లాసులు కదిలాయి, బర్రెలు చెవులు రిక్కించాయి, పక్కింట్లో పసిపిల్ల లేచి ఏడ్చింది. బాపు పీట మీద కూర్చుని అందరి మొహాలూ చూసి నవ్వుతున్నాడు. "ఇనొస్తున్నదా బాపూ?" అని గొంతు చించుకున్నాను. "మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నాడు మెల్లగా. అది నేనడిగిన దానికి జవాబు కాదు. లోపలికి పోయి దాణా బస్తా మీద కూర్చుని ఏడ్చాను.

కానీ బాపు ఆ పెట్టెను వదల్లేదు. పొద్దున పాలు పిండటం కాగానే అరుగు మీదికి వచ్చి, మీట నొక్కమని నాకు సైగ చేసి, పెట్టె పక్కకు నుదురు ఆనించి కళ్లు మూసుకునేవాడు. అలసిపోయి కునుకు తీస్తున్నాడనుకున్నాను. ఒకసారి జాలిపడి సౌండు తగ్గించాను. ఆయన తలెత్తి నా వంక ఒక చూపు చూసి, మళ్లీ ఆనించి, కాసేపటికి లేచి కొట్టంలోకి వెళ్లిపోయాడు. నాకు అప్పుడైనా బుర్ర వెలగలేదు.

ఖాజా భాయ్ ఒకనాడు పాలకు వచ్చి పెట్టెను చూశాడు. చూసి నవ్వాడు. "డబ్బా నాచ్‌రా బేటీ. పాడాల్సింది స్పీకర్, పెట్టె గాదు. పెట్టె వణకొద్దు." నా పుస్తకాల్లో కూడా అదే రాసి ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. పాత బీరువా టేకు చెక్కలు సంపాదించి, బొటనవేలు మందాన కొత్త పెట్టె కట్టాను. ఖాజా భాయ్ భార్య హమీదా ఆపా లాడ్ బజార్ దుకాణాల కోసం ఇంట్లో లక్క గాజులు చేసేది. ఆమె బొగ్గుల కుంపటి మీద లక్క కరిగించి, పెట్టె సందులన్నీ గాజుకు పూసినంత నాజూగ్గా పూడ్చింది. "ఇగ చీమ గూడ దూరది" అంది. లోపల దాణా గోనెసంచులు పరిచి కొట్టాను. అబ్బ, అప్పుడు పలికింది చూడండి స్టీరియో. తీగ మీటినట్టు మాట మాట విడివిడిగా వినపడేది. పెట్టె వేడెక్కితే గోనెలోంచి తవుడు వాసన వచ్చేది, కట్టు తెంపుకున్న బర్రె ఒకటి వచ్చి దాన్ని నాకిపోయింది కూడా. వాడకట్టంతా మెచ్చుకుంది. బాపు కూడా ఒకసారి వచ్చి, నుదురు ఆనించి, "మస్తున్నది బిడ్డా" అని లేచాడు. మళ్లీ దాని దగ్గరికి రాలేదు.

ఎందుకు రావట్లేదో నాకు అంతుపట్టలేదు. కోపమొచ్చింది కూడా, ఇంత కష్టపడి చేస్తే ఒక్కరోజైనా కూర్చోడేమని. అట్లా ఉండగా ఒకరోజు అమ్మ నీళ్లు కాచడానికి పాత చాయ్‌పత్తి పెట్టెను విరిచి పొయ్యిలో పెట్టబోయింది. జీవితంలో దేనికీ అడ్డుచెప్పని మనిషి, బాపు, పేడ చేతులతోనే కొట్టంలోంచి ఉరికొచ్చి ఆ చెక్కను గుంజుకున్నాడు. "గిది పొయ్యిల వెట్టకు" అన్నాడు. ఎందుకని నేను చేతులు తిప్పి అడిగాను. ఆయన సిగ్గుపడ్డట్టు అటూ ఇటూ చూసి, "దీంట్ల నాకు డోలు ఇనవడేది. కొత్తదాంట్ల ఇనవడ్తలేదు" అన్నాడు. ఎట్లా అని అడిగితే ఆ ఉత్త చెక్కను నుదుటికి ఆనించుకుని చూపించాడు.

నేను ఆ పెట్టె ముక్కలు, విడి స్పీకరు పట్టుకుని ఖాజా భాయ్ దుకాణానికి పరుగెత్తాను. చెక్కకు స్పీకరు బిగించి, చెవుల్లో దూది కుక్కుకుని, నుదురు ఆనించాను. పాట నా తల లోపల పాడింది. చెవులతో సంబంధమే లేదు. ఖాజా భాయ్ టోపీ తీసి పక్కన పెట్టి తానూ ఆనించి చూశాడు. తలెత్తి, "నేను చెప్పింది గలత్ గాదు బేటీ. మీ బాపుకు గలత్ అయింది" అన్నాడు. ఆ మాటతో పాటే గుసగుసల గొంతు, మురుకుల లారీ కూడా నాకు అర్థమయ్యాయి. తన గొంతు తన తలలోనే పెద్దగా మోగుతుంటే ఎవరు గట్టిగా మాట్లాడతారు? బాపు చెవి లోపల బాగానే ఉంది, దారి మూసుకుపోయిందంతే. ఎముక మీదుగా ఇంకో దారి ఉంది. ఆ దారి ఆయనకు తెలుసు, రోజూ బర్రె డొక్కకు ఆనుకుని అదే దారిన ఏదో వింటూ కూర్చున్నాడు. మేమే పండుకున్నవా అని అరిచి లేపుతూ వచ్చాం.

టేకు పెట్టెకు ఒక పక్క కోసేసి, అక్కడ చాయ్‌పత్తి చెక్క బిగించాలనుకున్నాను. హమీదా ఆపా కత్తి వేడి చేసి తాను పూసిన లక్క తానే గీకుతూ, "పెట్టినోళ్లతోని తీపిస్తున్నవ్, మంచి పిల్లవే" అని ఒకటే నవ్వు. చెక్క బిగించి ఇంటికి తెచ్చాక అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. దాన్ని ఏనాడూ ముట్టని మనిషి. "పాట ఇనవడితే మాట ఇనవడదా?" అని అడిగింది. అంతే. ఇంత చదువు చదివి నాకు రాని ఆలోచన దాణా కలిపే చేతులతో ఆమె నా ముందు పెట్టింది. మళ్లీ యాకుత్‌పురాకు పరుగు. ఖాజా భాయ్ తన దగ్గరున్న పెళ్లిళ్ల మైకు ఒకటి తీసి నా చేతిలో పెట్టి, "వాపస్ నక్కో, నీ దగ్గర్నే ఉంచుకో" అన్నాడు.

ఇప్పుడు చెవుల పరీక్షలో ఆ అమ్మాయి నా చెవి వెనక ఎముక మీద చిన్న బిళ్ల ఒకటి పెట్టింది, శబ్దం నేరుగా తలలోకి వచ్చింది. నాకు పెట్టబోయే మిషన్ అగ్గిపెట్టెలో సగం కూడా లేదు. మా పెట్టెకంటే వెయ్యి రెట్లు మేలని ఒప్పుకుంటాను. అది పెట్టుకుంటే నా కూతురు ఏ గదిలోంచి పిలిచినా వినపడుతుందట. మా పెట్టెతో అట్లా కుదిరేది కాదు. బాపుతో మాట్లాడాలంటే ఆయన పక్కన కూర్చోవాలి, మైకు పట్టుకోవాలి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి. ఆ తర్వాత ఏళ్ల తరబడి సాయంత్రాలు మా ఇంట్లో అందరం అట్లా ఆ అరుగు మీదే చేరాం. ఎవరి మీదా ఎవరూ అరవలేదు. ఇరుకు ఇల్లు, రెండు రకాల స్పీకర్లు, అడిగిన వెంటనే బల్ల మీద చోటిచ్చిన మనిషి, పూసిన లక్క తీసిపెట్టిన మనిషి. అన్నీ, అందరూ నాకు దొరికారు. ఎంతమందికి దొరుకుతారు?

మైకు తగిలించిన ఆ మొదటి మధ్యాహ్నం బాపు పీట వేసుకుని పెట్టె పక్కన కూర్చున్నాడు. నుదురు చెక్కకు ఆనించాడు. అమ్మను మాట్లాడమంటే సిగ్గుతో మైకు నా మీదికి తోసేసింది. ఇన్నేళ్లు చెప్పాలనుకున్న పనికిరాని మాటలన్నీ ఒక్కసారిగా ఎక్కడికో పోయాయి. చివరికి నోటికొచ్చింది చెప్పాను, అరవకుండా, మామూలుగా. "ఇయ్యాల మా లెక్కల సారు మీసాలు తీసేసుకొచ్చిండు బాపూ. ఎవలో కొత్తాయన అనుకొని అందరం లేసి నిలవడ్డం. ఆయన మస్తు ఖుష్ అయిండు."

బాపు తటాలున తలెత్తాడు. నన్ను చూశాడు, అమ్మను చూశాడు, వాకిలి వైపు చూశాడు.

"ఎవలు గీ మాట్లాడేది?" అన్నాడు.

అమ్మ నా వైపు వేలు చూపించింది. అరుపులో మనిషి గొంతు ఉండదు, అందరి అరుపూ ఒక్కటే. నా గొంతు ఆయన చివరిసారి విన్నది నేను గౌన్లలో ఉన్నప్పుడు. బాపు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, మళ్లీ నుదురు ఆనించి, "ఇంకోపారి చెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పాను. సారు ఖుష్ అయిండు అనే మాట దగ్గర, సరిగ్గా ఆ మాట దగ్గరే, ఆయన నవ్వాడు. మా మొహాలు చూడలేదు. కళ్లు మూసుకునే ఉన్నాడు, మూసిన కళ్లలోంచి నీళ్లు చెక్క మీదికి కారుతున్నాయి.

"నేను ఇన్నొద్దులు నీది చిన్నపోరి గొంతే అనుకుంటున్న బిడ్డా" అన్నాడు. "అచ్చం మా అవ్వ గొంతయింది గదనే."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లబోయి, వెళ్లలేక గడప మీదే కూర్చుంది. పాలు పిండే వేళయిందని కొట్టంలో బర్రెలు అరుస్తున్నాయి. ఆ అరుపులు బాపుకు వినపడవు. మాకు వినపడుతున్నా ఎవరం లేవలేదు.

"ఇంకేమన్న చెప్పు" అన్నాడు బాపు. "పని మాట గాదు. ఉత్తగనే ఏమన్న చెప్పు."